మేడగదిలో పుస్తకాలు సర్దే ముందు చూసొచ్చిన ఇళ్లు

కోనసీమలో మాది తాతగారు కట్టించిన మండువా లోగిలి. తొంభై ఏళ్లు దాటింది. నాన్నగారు పోయాక ఆయన బీరువాలు, తాతగారి ట్రంకుపెట్టెలు తెరిస్తే పుస్తకాలు నాలుగు వేల దాకా తేలాయి. వాటికి ఇంట్లోనే చోటు చూడాలని నా పట్టుదల. కింద పెడితే గోదావరి భయం. మేడ మీద పెడితే పాత టేకు దూలాలు అంత బరువు మోస్తాయా అని టెన్షన్. ఒక డిజైనర్ వచ్చి నేల నుంచి కప్పు దాకా అరలు, ఫాల్స్ సీలింగు, ఏసీ అంటూ బొమ్మ గీసిచ్చాడు. చూడ్డానికి బాగుంది కానీ మనసొప్పలేదు. పాత ఇళ్లలో పుస్తకాలు ఎలా నిలిచాయో ముందు కళ్లారా చూద్దామని నేనూ మా ఆవిడా డిసెంబరులో పది రోజులు తిరిగొచ్చాం.

మొదట హైదరాబాదులో ఫలక్‌నుమా. 1884లో నిజాం కొలువులోని ప్రభువు వికారుల్ ఉమ్రా మొదలుపెట్టిన ఈ ప్యాలెస్ తర్వాత ఆరో నిజాం చేతికి వచ్చింది. తాజ్ వాళ్లు బాగుచేసి 2010లో హోటల్‌గా తెరిచారు. గది తీసుకునే స్తోమత లేక సాయంత్రం టీకి బుక్ చేసుకున్నాం. మర్యాదలో ఏ లోటూ లేదు. గ్రంథాలయం పైకప్పంతా వాల్‌నట్ చెక్క మీద చెక్కిన పని. విండ్సర్ కోటలోని గ్రంథాలయాన్ని చూసి చేయించారని చెబుతారు. తల ఎత్తితే దించబుద్ధి కాదు. అయితే అది గుట్ట మీద, పొడిగాలిలో, నౌకర్ల బలగంతో నడిచిన గది. మా లంకల తేమకు అక్కడ నేర్చుకునేది తక్కువే. అందం కోసమైతే తప్పక వెళ్లండి.

కాచిగూడలో రాత్రి రైలెక్కి తెల్లారేసరికి కడప. బస్టాండు దగ్గర మామూలు లాడ్జి. శుభ్రంగా ఉంది, అంతకన్నా చెప్పడానికేమీ లేదు. తెలుగు నిఘంటువు కూర్చిన ఆంగ్లేయ అధికారి బ్రౌన్ దొర ఇక్కడ బంగళా, తోట కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని ఊరూరి నుంచి తాళపత్రాలు తెప్పించాడు. ప్రతులు పోల్చి చూపించి శుద్ధప్రతులు రాయించాడు. ఒకాయన ఇల్లే తెలుగుకు అచ్చమైన గ్రంథాలయమైంది! ఇప్పుడు ఆ బంగళా లేదు. ఆ స్థలంలోనే జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి సి.పి. బ్రౌన్ గ్రంథాలయం నిలబెట్టారు. బ్రౌన్ సేకరించిన రాతప్రతులు మాత్రం మద్రాసు చేరి, ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో బతికాయి. ఇల్లు పోయింది, పుస్తకాలు మిగిలాయి. ఆ చెట్ల కింద నిలబడితే నాకు మా ఇల్లే గుర్తొచ్చి గుండె బరువెక్కింది.

తంజావూరు కోసం మాత్రం రెండు రోజులు ఉంచుకోండి. సరస్వతీ మహల్ నాయక రాజుల కాలంలో మొదలైంది. రఘునాథ నాయకుడు, విజయరాఘవ నాయకుడు స్వయంగా తెలుగులో రాసిన రాజులు. తర్వాత మరాఠా రాజు రెండో శరభోజి దాన్ని ఎన్నో రెట్లు పెంచాడు. నేను చూసిన వాటిలో పుస్తకాలు ఇల్లు మారకుండా, ప్యాలెస్ ఆవరణలోనే ఇన్ని వందల ఏళ్లు నిలిచిన చోటు ఇదొక్కటే. సందర్శకులకు తెరిచింది చిన్న ప్రదర్శనశాలే. లోపల ఫొటోలు తీయనివ్వరు. గంటలో చూసేయవచ్చు, మేము మూడు గంటలున్నాం.

అక్కడ తెలుసుకున్నదే ఈ యాత్రకు ఫలితం. తాటాకులకు నిమ్మగడ్డి నూనె రాస్తారు. పురుగు చేరకుండా వస, నల్లజీలకర్ర, లవంగం, మిరియాలు, దాల్చినచెక్క, కర్పూరం పొడిచేసి గుడ్డ మూటలుగా కట్టి పుస్తకాల మధ్య పెడతారు. “ఏవండీ, మా అమ్మమ్మ పట్టుచీరల పెట్టెలో వస కొమ్ము వేసేది కదా, ఇదేనండీ,” అంది మా ఆవిడ. కలరా ఉండల వాసనకు నాకు తలనొప్పి. ఆ మాట విన్నాక వాటితో పని లేదనిపించింది.

తంజావూరు నుంచి కారులో రెండున్నర గంటలు ప్రయాణిస్తే చెట్టినాడు, చెట్టియార్ల పాత మేడలున్న ప్రాంతం. హెరిటేజ్ బస ఒకటి, రోజుకు తొమ్మిది వేలు. ‘పాతకాలపు గ్రంథాలయం’ ఉందని చూసి మరీ తీసుకున్నాం. భోజనం అమృతం, వడ్డించినవాళ్లు ఆప్యాయంగా చూసుకున్నారు. వేడినీళ్లు మాత్రం రెండుసార్లు అడిగితే గానీ రాలేదు. గ్రంథాలయం తలుపు తీయగానే ముక్కిన వాసన. అద్దాల బీరువాలను గోడకు ఆనించేశారు, కిటికీలు మూసి ఏసీ బిగించారు. అతిథి ఉన్నప్పుడు చల్లబడడం, లేనప్పుడు వేడెక్కడం. కింది అరలో అట్టలు ఉబ్బి, పుటలు అంటుకుపోయి ఉన్నాయి. మేనేజరుకు చూపిస్తే తలూపి ఊరుకున్నాడు. గాలి ఆడడానికే వాకిలి నుంచి పెరటి దాకా ఒకే వరసలో గుమ్మాలు పెట్టి, నడుమ ముంగిళ్లు వదిలి కట్టిన ఇల్లది. దాన్ని ఒక్క గదిలో ఊపిరాడకుండా చేశారు. డబ్బు పోయిందని కాదు, ఆ పుస్తకాల కోసం బాధపడ్డాను. బస కోసం వెళ్లండి, పుస్తకాల కోసం వద్దు.

ఆ పక్కనే కోట్టయూరు. రోజా ముత్తయ్య అనే బోర్డులు రాసే పెయింటర్ అక్కడ తన ఇంట్లో దాదాపు లక్ష తమిళ పుస్తకాలు, పత్రికలు, కరపత్రాలు కూడబెట్టాడు. 1992లో ఆయన పోయాక షికాగో యూనివర్సిటీ కొని కాపాడింది. ఇప్పుడవి చెన్నై తరమణిలో పరిశోధన గ్రంథాలయంగా ఉన్నాయి. తిరుగు ప్రయాణంలో వెళ్లి చూశాం. అవి క్షేమంగా ఉన్నాయి, కానీ ఇల్లు దాటాకే.

నావి ఇల్లు దాటకూడదని నా కోరిక. రైల్లోనే లెక్క వేసుకున్నాను. ఒక అడుగు అరలో పుస్తకాలు నిండితే సుమారు పది కిలోలు. నాలుగు వేల పుస్తకాలకు మూడు వందల అడుగులకు పైగా అర కావాలి, అంటే మూడు టన్నుల పైమాటే. అందుకే ఒక్క గదిలో కాదు, మేడ మీది రెండు గదుల్లో పంచుతాను. బీరువాలు గది మధ్యలోకి రావు. దూలాల చివరలు ఆనే గోడల పక్కన, బరువు ఒక్క దూలం మీద పడకుండా అడ్డంగా ఉంటాయి. అర పొడవు మూడడుగులు మించదు, మించితే వంగుతుంది. గోడకూ బీరువాకూ నాలుగు వేళ్ల సందు. ఏసీ లేదు, ఉత్తరం కిటికీ తెరిచి ఉంటుంది. దూలాలను చూడటానికి ఇంజనీరును పిలిచాను, ఆయన సరేనంటేనే మొదలు.

వడ్రంగి సంక్రాంతి వెళ్లాక వస్తానన్నాడు. ఈలోగా మేడగదిలో నాన్నగారి హయాంలో సిమెంటు పూసిన మూల ఒకటి చెమ్మ పట్టి ఉంది. దాన్ని గీకించి మళ్లీ గానుగ సున్నం పెట్టించాలి. ఆ పని తెలిసిన మేస్త్రి కోసం వెతుకుతున్నాను.