పాత ఆయిల్ పట్టే మూత డబ్బా: సొంత ట్రక్కుకు ఇంటి దగ్గరే ఆయిల్ మార్చుకునేవారి కోసం ఒక సమీక్ష

బెంగళూరులో చిన్న ట్రక్కు నడుపుకుంటూ ఇంజన్ ఆయిల్ ఇంటి దగ్గరే మార్చుకునేవారికి కావలసిన సామాన్లలో రింగ్ స్పానర్, ఫిల్టర్ విప్పే బెల్టు, గరాటు వంటివి ఏ దుకాణంలో కొన్నా పెద్దగా తేడా ఉండదు. తేడా అంతా పాత ఆయిల్‌ను పట్టే పాత్రలోనే ఉంటుందని నా అభిప్రాయం. జె.సి. రోడ్డులోని విడిభాగాల దుకాణంలో ఇంచుమించు వెయ్యి రూపాయలకు కొన్న ప్లాస్టిక్ డ్రెయిన్ డబ్బా గురించి ఇక్కడ రాస్తున్నాను. అది పదిహేను లీటర్లు పట్టే మూసిన డబ్బా. పైభాగం మాత్రం పళ్లెంలా లోతుగా ఉండి, మధ్యలో మరతో బిగించే మూత గల రంధ్రం ఉంటుంది.

చాలామంది ఈ పనికి ఖాళీ ఆయిల్ బకెట్టునో, ఇంట్లో పక్కన పడేసిన బేసినునో వాడుతారు. ఆయిల్ కారేంతవరకు వాటితో ఇబ్బంది లేదు. ఇబ్బందంతా నిండిన పాత్రను బండి కిందినుంచి ఇవతలికి లాగేటప్పుడు మొదలవుతుంది. మనలో ఎక్కువమంది ట్రక్కు నిలిపేది ఇంటి ముందరి వీధిలోనే కనుక, పక్కింటివారి ముగ్గు మీద నల్లటి మరక పడితే అది ఏళ్ల తరబడి గుర్తుండే తగాదా అవుతుంది. మూత బిగించిన తరువాత ఈ డబ్బాను పక్కకు వంచి, పిడి పట్టుకుని మేడమెట్లు ఎక్కినా చుక్క కారదు. ఇది కొనడానికి ఇదొక్కటే చాలినంత కారణం.

ఇక అసలు పరీక్ష, పాత ఆయిల్ దించడానికి ఇంజన్ అడుగున ఉండే డ్రెయిన్ బోల్టు విప్పే క్షణంలో ఉంటుంది. ఇంజన్‌ను కొద్ది నిమిషాలు నడిపి ఆపి, చేతికి ఓర్చుకోగలిగినంత వేడి ఉండగా విప్పితే, అడుగున చేరిన మసితో సహా ఆయిల్ తేలికగా బయటికి వస్తుంది. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్ నిండుగా ఉన్నప్పుడు మొదటి ధార నేరుగా కిందికి పడదు; వాలుగా ముందుకు దూకి, మట్టం తగ్గేకొద్దీ క్రమంగా వెనక్కి జరుగుతూ చివరికి బోల్టు రంధ్రానికి సరిగ్గా కిందికి వస్తుంది. చిన్న మూతి గల పాత్ర పెట్టినవారు దీనివల్లనే దాన్ని అటూ ఇటూ జరుపుతూ నానా అవస్థ పడతారు. ఈ డబ్బా పళ్లెం వెడల్పుగా ఉండటం వల్ల ధార ఎక్కడ పడినా లోపలే పడుతుంది. రంధ్రం మీద ఉన్న జల్లెడ, వేడికి చేయి జారి బోల్టు గానీ రాగి వాషర్ గానీ పడితే లోపలికి పోనివ్వదు.

అయితే రంధ్రం చిన్నది. డిసెంబరు ఉదయాల్లో ఇంజన్‌ను వేడిచేయకుండా విప్పితే చిక్కటి ఆయిల్ లోపలికి దిగేలోపే పళ్లెం అంచు దాకా నిండుతుంది. పక్కనున్న గాలి బిరడాను ముందే తీసి ఉంచకపోతే లోపలి గాలికి దారి దొరకక ఆయిల్ బుడగలు కట్టి చిమ్ముతుంది. ఈ మాట డబ్బా మీద ఎక్కడా రాయలేదు. తయారీదారు దీన్ని పెద్ద అక్షరాలతో అచ్చు వేయవలసింది.

పక్కన పాలరంగులో కనిపించే మట్టం గీత నాకు అన్నిటికన్నా నచ్చింది. కిందటిసారి ఎన్ని లీటర్లు పోశామో, ఇప్పుడు ఎన్ని దిగాయో పోల్చితే ఇంజన్ ఎంత ఆయిల్ తాగుతున్నదో తెలుస్తుంది. మెకానిక్ షెడ్డులో ఈ లెక్క మనకు ఎవరూ చెప్పరు. కొత్త ఆయిల్‌ను మాత్రం ఈ గీత చూసి పోయకూడదు. బండి పుస్తకంలో రాసిన కొలత కన్నా కాస్త తక్కువ పోసి, ఇంజన్‌ను కొద్దిసేపు నడిపి ఆపి, కొన్ని నిమిషాల తరువాత డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే కడ్డీ) చూసుకుంటూ మిగతాది నింపాలి. ఎక్కువైతే ఇంజన్‌లో తిరిగే క్రాంక్ షాఫ్ట్ దాన్ని చిలికి నురగ చేస్తుంది.

షెడ్డు కూలీ మిగులుతున్నది కదా అని ఖరీదైన 5డబ్ల్యూ గ్రేడు కొనేవారున్నారు. డబ్ల్యూ ముందున్న అంకె ఎంత తక్కువైతే ఆయిల్ అంత చలిలోనూ పలచగా పారుతుంది. 15డబ్ల్యూ గ్రేడు చలి పరీక్ష జరిగేది సున్నాకు దిగువన 20 డిగ్రీల వద్ద. బెంగళూరులో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1884 జనవరి నాటి 7.8 డిగ్రీలు. చలి భయంతో గ్రేడు మార్చనక్కరలేదు, బండి పుస్తకం చెప్పిందే పోయాలి. పొగగొట్టంలో మసి వడపోత ఉన్న బీఎస్-6 (భారత్ స్టేజ్ 6 పొగ నిబంధనల) డీజిల్ బండ్లకు మాత్రం బూడిద తక్కువగా మిగిల్చే సీకే-4 వంటి నాణ్యతా శ్రేణి ఆయిల్ కావాలి.

దిగిన నల్ల ఆయిల్‌ను ఏం చేయాలన్నది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. మురికికాలువలో పోస్తే అది రాజకాలువల (నగరపు పెద్ద వాననీటి కాలువల) గుండా వెళ్తుంది. నగరం పడమటి వైపైతే వృషభావతిలో, ఆపై అర్కావతిలో, చివరికి కావేరిలో చేరుతుంది. సెంట్రింగ్ పలకలకు పూయడానికి అడిగి పట్టుకుపోయేవారూ ఉన్నారు, కానీ ఆ నూనెలో చర్మానికి హాని చేసే పదార్థాలుంటాయి; అందుకే విప్పేటప్పుడు మనం కూడా నైట్రైల్ (ఆయిల్‌ను తట్టుకునే రబ్బరు) గ్లవుజులు వేసుకోవాలి. 2016 నాటి నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. 2024 ఏప్రిల్ 1 నుంచి దాని రీసైక్లింగ్ బాధ్యతను కందెన నూనెల తయారీదారుల మీద, దిగుమతిదారుల మీద కూడా కేంద్రం పెట్టింది. మనబోటివారికి తేలిక దారి, అనుమతి ఉన్న రీసైక్లర్‌కు పాత ఆయిల్ పంపే పెద్ద సర్వీసు కేంద్రాన్ని అడిగి అక్కడ ఇవ్వడమే. మూత డబ్బా విలువ మళ్లీ అక్కడే తెలుస్తుంది: దాన్ని నిశ్చింతగా ట్రక్కులో వేసుకుని పోవచ్చు. ఒంపే మూతి పొడుగ్గా ఉండటం వల్ల అక్కడి పీపాలోకి గరాటు లేకుండానే ధార కట్టి పోయవచ్చు.

పెద్ద లారీల వారికి దీన్ని సిఫారసు చేయను. వాటి ఛాంబర్ నుంచి దిగేదానికి ఈ కొలత చాలకపోవచ్చు. సీటు కిందో బానెట్ కిందో ఇంజన్ ఉండే చిన్న ట్రక్కులకు మాత్రం ఇది సరిపోతుంది. కొనేముందు నేలకూ డ్రెయిన్ బోల్టుకూ మధ్య ఎత్తు కొలుచుకోవాలి. డబ్బా దూరడం లేదని బండిని ఒక్క జాకీ మీద లేపి కిందికి దూరేవారి ధైర్యాన్ని నేను మెచ్చుకోలేను.

ఇచ్చిన మూత రబ్బరు రింగు నాసిరకం. మామూలు రబ్బరు ఆయిల్‌లో నాని ఉబ్బుతుంది, తరువాత మర సరిగా పట్టదు. విడిగా రింగు అడిగితే అమ్మిన దుకాణంలో లేదన్నారు. అదే రోడ్డులో ఆయిల్ సీళ్లు అమ్మే చోట, అదే కొలతలో నైట్రైల్ రబ్బరు రింగు చిల్లర డబ్బులకే దొరుకుతుంది. డబ్బా కొన్న రోజే దాన్నీ కొని మార్చుకోవడం మంచిది.