ఎకోని వేలితో ఆపాలా, కాలితో ఆపాలా?

ఒంగోలులో మేం ఆదివారం ఆరాధన చేసే హాలు రేకుల షెడ్డు. డోలక్ మీద ఒక్క దెబ్బ పడితే చాలు, రేకులకు తగిలి మళ్ళీ వినపడుతుంది. అందులో నేను గిటారుకి డిలే (వాయించినదాన్ని కాస్త ఆగి ఎకోలా మళ్ళీ వినిపించేది), రివర్బ్ (పెద్ద హాల్లో మోగినట్టు శబ్దాన్ని సాగదీసేది) కలిపి మొదలుపెట్టానంటే పల్లవి పూర్తయ్యేలోపు అంతా కలగాపులగం. పోనీ రెండూ తీసేద్దామా అంటే పాట ఎండిపోతుంది. నేను మీటుతున్నప్పుడు ఎకో తగ్గి, చెయ్యి ఆపగానే పైకి రావాలి. అదీ నా బాధ.

గట్టిగా, మెల్లగా మీటడంతోనే సరిపెట్టుకోవచ్చని మొదట్లో అనుకున్నాను. కుదరలేదు. డిలేలోకి ఎంత గట్టి శబ్దం పోతే ఎకో కూడా అంత గట్టిగా వస్తుంది. రెండూ కలిసే పెరుగుతాయి, కలిసే తగ్గుతాయి. వాటి మధ్య నిష్పత్తిని మార్చేది ఇంకోటి కావాలి.

కాలితో చేసే పనికి ఎక్స్‌ప్రెషన్ పెడల్ ఉంది, ఏదో ఒక సెట్టింగుని కాలితో పెంచి తగ్గించేది. డిలే మిక్స్‌ని, అంటే ఎకో ఎంత కలవాలనే సెట్టింగుని, దానికి అప్పగిస్తే మడమ దించినప్పుడు ఎకో తగ్గుతుంది, వేళ్ళు నొక్కితే పెరుగుతుంది. వినడానికి బాగానే ఉంది. కానీ చెప్పులు బయట విడిచి లోపలికొచ్చే చోటు మాది. మే నెలలో చెమట పట్టిన ఉత్తకాలితో, రెండో కాలి మీద ఒంటికాలి కొంగలా నిలబడి, చరణంలో ప్రతి లైనుకీ పెడల్ ఎత్తి దించడం నావల్ల కాలేదు. ఒకసారి జారి నిండా తెరుచుకుంది. ప్రార్థన మొదలయ్యాక కూడా ఎకోలు పోతూనే ఉన్నాయి. "తమ్ముడూ, ఇంకా ఎవరో వాయిస్తున్నారు" అన్నారు అయ్యగారు.

వాల్యూమ్ పెడల్ సంగతి వేరు. డిలేకి ముందు పెడితే గిటారు మూసేసినా అప్పటికే లోపలికి పోయిన ఎకోలు వాటంతటవే సాగి ఆరిపోతాయి. డిలే తరువాత పెడితే అవీ తెగిపోతాయి. మీటిన దెబ్బ వినపడకుండా స్వరాన్ని వయొలిన్‌లా ఉబ్బించాలంటే దీన్ని మించింది లేదు. కొనేటప్పుడు మాత్రం ఒకటి చూసుకోండి: గిటారు నేరుగా దూరుతుంటే 250 కిలో ఓమ్‌లది, బఫర్ (సిగ్నల్ బలహీనపడకుండా పంపే భాగం) ఉన్న పెడల్ తరువాతైతే 25 కిలో ఓమ్‌లది. నేరుగా గిటారుకి 25ది తగిలిస్తే పైస్వరాల మెరుపు పోతుంది.

ఇక డకింగ్, అంటే వాయిస్తున్నంతసేపూ ఎకోని దానంతటదే తగ్గించే ఏర్పాటు. 1985లో వచ్చిన టీసీ ఎలక్ట్రానిక్ 2290 అనే ర్యాక్ డిలేతో దీనికి బాగా పేరొచ్చింది. ఇప్పుడు చాలా డిజిటల్ డిలే పెడల్స్‌లో ఉంది. లోపలికొచ్చే శబ్దం ఎంత గట్టిగా ఉందో అది కనిపెట్టుకుని ఉంటుంది. మనం పెట్టిన హద్దు దాటితే ఎకోని కిందికి నొక్కుతుంది, మనం ఆగితే వదులుతుంది. కాలికి పని లేదు, చేతికే పగ్గం. నిమిషానికి 80 బీట్ల టెంపో పాటలో ఒక బీటు 750 మిల్లీసెకన్లు. వదిలే సమయాన్ని అందులో సగం దాకా పెడితే లైనుకీ లైనుకీ మధ్య ఖాళీలో ఎకోలు పూస్తాయి. మరీ తక్కువైతే మాటకీ మాటకీ మధ్య కూడా తల ఎత్తుతాయి, అసహ్యంగా ఉంటుంది.

అయితే దీనికీ ఒక జబ్బుంది. ముందు ఓవర్‌డ్రైవ్ (శబ్దాన్ని గరగరలాడించేది) ఎక్కువ పెడితే గట్టి, మెల్లన అన్నీ ఒకే ఎత్తుకి వచ్చేస్తాయి. అప్పుడు డకింగ్‌కి తేడా తెలియదు, ఎంత మెల్లగా మీటినా నొక్కి పట్టుకునే ఉంటుంది. డ్రైవ్ తగ్గించాక గానీ నాది దారికి రాలేదు.

రివర్బ్‌కి డకింగ్ ఉన్న పెడల్స్ తక్కువ. గొంతుకైతే మిక్సర్ దగ్గర చేసుకోవచ్చు: రివర్బ్ తిరిగొచ్చే ఛానెల్ మీద కంప్రెసర్ (శబ్దాన్ని కిందికి నొక్కేది) వేసి, ఎప్పుడు నొక్కాలో దానికి చెప్పే కీ ఇన్‌పుట్‌కి పాట మైకు ఇస్తే పాడేవాళ్ళు పాడినంతసేపూ రివర్బ్ ఒదిగి ఉంటుంది. చిన్న మిక్సర్లలో ఆ సౌకర్యం దొరకదు. అయినా ఆ షెడ్డులో రివర్బ్ అసలు వేయకపోవడమే మేలు. రేకుల్ని డక్ చేసే పెడల్ ఇంకా ఎవరూ చేయలేదు మరి.

మొత్తానికి పాట వెనక వాయించేవాడికి డకింగే మేలని నా లెక్క. ఆరాధన మొదట్లో వచ్చే నెమ్మది తీగలకి మాత్రం వాల్యూమ్ పెడల్ ఉంచుకున్నాను. ఎక్స్‌ప్రెషన్ పెడల్ అమ్మేశాను. డిసెంబరులో క్యారల్స్‌కి వీధుల్లో తిరిగేటప్పుడు డకింగ్ కూడా ఆపేస్తాను. అక్కడ నెత్తిన రేకులుండవు, ఎకో ఎంత వేసినా గాల్లో కలిసిపోతుంది.