సీడీల రిప్పింగ్: కొన్నేళ్లు ఫ్లాక్ వాడాక నా మాట

ఇంట్లో ఉన్న కర్ణాటక సంగీతం, హరికథలు, పాత సినిమా పాటల సీడీలన్నీ రిప్ చేసి, అంటే కంప్యూటర్‌లోకి ఫైళ్లుగా తీసి, శబ్దంలో ఏమీ పోకుండా కుదించే ఫ్లాక్ ఫార్మాట్‌లోకి ఎక్కించి కొన్నేళ్లుగా వాటినే వింటున్నాను. ఉన్నమాట చెప్పాలంటే, 320 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) ఎంపీ3కీ ఫ్లాక్‌కీ తేడా నా చెవికి అందదు. ఫూబార్2000 ప్లేయర్‌లో ఏబీఎక్స్ టెస్ట్ (ఏది ఏదో చెప్పకుండా వినిపిస్తే గుర్తుపట్టే పరీక్ష) పెట్టుకుంటే నా జవాబులన్నీ బొమ్మాబొరుసే.

128 కేబీపీఎస్ ఎంపీ3 మాత్రం దొరికిపోతుంది, అదీ అన్నిచోట్లా కాదు. గాత్రం, వయొలిన్ బాగానే ఉంటాయి. చిడతలు మోగాయంటే చాలు, దెబ్బకు ముందే సన్నగా బుసలాంటిది వస్తుంది. ఎంపీ3 శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా తీసుకుని కుదిస్తుంది. ఠక్కున పడిన దెబ్బ తాలూకు రొద ఆ ముక్కంతా పరుచుకుంటుంది. హరికథలు వినేవాళ్లు 128 జోలికి పోకండి.

మరి చెవికి తెలియనప్పుడు ఫ్లాక్ ఎందుకంటారా? రిప్పింగ్ రెండోసారి చేసే ఓపిక నాకు లేదు. గీతలు పడ్డ సీడీని ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే రిప్పింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెడితే, అది ఒకేచోట మళ్లీమళ్లీ చదువుతూ కూర్చుంటుంది. ఒకసారి ఫ్లాక్ చేసుకుంటే ఫోన్‌కి ఎంపీ3, ఐఫోన్ వాళ్లకి ఆలాక్ (ఫ్లాక్‌లాగే ఏమీ పోని ఆపిల్ ఫార్మాట్), ఎప్పుడు ఏది కావాలంటే అది తీసుకోవచ్చు. ఎంపీ3 నుంచి ఇంకో లాసీ (కొంత శబ్దాన్ని వదిలేసి కుదించే) ఫార్మాట్‌కి మారిస్తే, పోయినదానిమీద ఇంకొంత పోతుంది.

గంట సీడీ అసలు సైజు సుమారు 635 ఎంబీ. ఫ్లాక్‌లో నాకు ఎక్కువగా 300 నుంచి 400 మధ్య వస్తోంది. 320 ఎంపీ3 అయితే 144. పాత మోనో పాటల సీడీల్లో రెండు చానళ్లూ అచ్చంగా ఒకటే అయితే ఫ్లాక్ రెండోదాన్ని దాదాపు ఉచితంగా దాచేస్తుంది, ఫైళ్లు ఇంకా చిన్నవవుతాయి. ఫ్లాక్‌లో 0 నుంచి 8 దాకా ఉండే కుదింపు లెవెల్స్ గురించి టెన్షన్ పడక్కర్లేదు. మారేది సైజూ సమయమే, క్వాలిటీ కాదు. సీడీని 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌కి పెంచి దాచుకోవడం మాత్రం శుద్ధ దండగ. సీడీలో ఉన్నదే 16 బిట్, 44.1.

కచేరీ సీడీల్లో ఆలాపన ఒక ట్రాక్, కీర్తన ఇంకో ట్రాక్‌గా ఉంటాయి. ఫ్లాక్‌లో మధ్యన తంబురా తెగదు. ఎంపీ3లో అది ప్లేయర్ దయ.

ఒక్క చిరాకేమిటంటే, మా కారు స్టీరియో ఫ్లాక్‌ని గుర్తించదు. దానికోసం లేమ్ అనే ఎంపీ3 ఎన్‌కోడర్‌లో వీ0 (బిట్‌రేట్ అవసరాన్ని బట్టి మారే సెట్టింగుల్లో అన్నిటికంటే మెరుగైనది) ఎంపీ3లు చేసి పెన్‌డ్రైవ్‌లో వేశాను. ఆ ఇంజిన్ మోతలో అంతకంటే అక్కర్లేదు.