సున్నా నుంచి మూడేళ్ల పిల్లల కోసం ఎమ్మెస్సీ: చేరొచ్చా?

నేను చదివిన హ్యూమన్ డెవలప్‌మెంట్ ఎమ్మెస్సీకి ఐదుకి మూడున్నర ఇస్తాను. అందులో మూడు మార్కులు మాతో ఇళ్లకు వచ్చిన ఒక్క గైడు మేడమ్‌వే. కాలేజీ పేరు మాత్రం రాయను, నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇంకా వాళ్ల బీరువాలోనే ఉన్నాయి.

నేను బీఎస్సీ హోమ్‌సైన్స్ చదివి తెనాలిలో ఒక ప్లేస్కూల్లో పనిచేసేదాన్ని. పిల్లలు మా దగ్గరికి వచ్చేసరికే మూడేళ్లు నిండిపోయేవి. కొందరికి మాటలు వచ్చేవి కావు, కొందరు పేరు పెట్టి పిలిచినా తిరిగి చూసేవాళ్లు కాదు. "మగపిల్లలకు మాటలు లేటేనమ్మా" అని ఇంట్లో అప్పటికే తీర్మానించేసి ఉండేవాళ్లు. ఆ మూడేళ్లలో ఏం జరుగుతుందో తెలుసుకోవాలని హ్యూమన్ డెవలప్‌మెంట్ ఎమ్మెస్సీలో చేరాను. రెండేళ్ల కోర్సు. పుట్టినప్పటి నుంచి మూడేళ్ల వరకు పిల్లల ఎదుగుదల మీద ఒక పేపరు, కుటుంబాలతో పనిచేయడం మీద ఇంకో పేపరు ఉంటాయి. నేను చేరింది ఆ రెండింటి కోసమే.

మొదటి సెమిస్టర్ అంతా నోట్సు. తల్లీబిడ్డల అనుబంధం మీద పరిశోధించిన మనస్తత్వవేత్త మేరీ ఐన్స్‌వర్త్ పేరు చెబితే తల్లి గది బయటికి వెళ్లడం, మళ్లీ రావడం, బిడ్డ ఏం చేసిందో రాసుకోవడం, ఆ ఇరవై నిమిషాల ప్రయోగమే పరీక్షలో వస్తుంది. అంతకంటే ముందు ఆవిడ 1950లలో ఉగాండా వెళ్లి, ఇళ్లలో కూర్చుని తల్లుల్నీ పిల్లల్నీ నెలల తరబడి చూసిందన్న సంగతికి మా నోట్సులో దక్కింది ఒక్క లైను. నాకైతే అసలు పాఠం ఆ లైనులోనే ఉందనిపించింది. స్టాటిస్టిక్స్ గురించి చెప్పేదేం లేదు, గైడు కొనుక్కుని గట్టెక్కాం.

బాగా నచ్చినవి ప్రాక్టికల్స్. తిరువనంతపురం చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్ తయారుచేసిన చార్టు ఒకటి ఉంది, రెండేళ్ల లోపు పిల్లలకు. మొత్తం పదిహేడు అంశాలు. బిడ్డ వయసు దగ్గర పెన్నుతో నిలువు గీత గీయాలి. ఆ గీతకు ఎడమ పక్కన ఉన్నవాటిలో ఏదైనా బిడ్డ చేయలేకపోతే వివరంగా పరీక్ష చేయించాలి. కావలసిన సామాను ఒక పెన్ను, ఒక తాళాల గుత్తి. వేలకు వేలు పోసి కొన్న టెస్ట్ కిట్టు అద్దాల బీరువాలో ఉండేది, తాళం ఎప్పుడూ లీవులో ఉన్న సార్ దగ్గర. మాకు పని నేర్పింది తాళాల గుత్తే.

ఇక ఇళ్లకు వెళ్లడం. ఆషాఢంలో ఒక ఇంటికి వెళ్లాం. బాబుకి పదకొండు నెలలు, ఎనిమిదో నెలలోనే పుట్టాడు. ఇంకా ఆసరా లేకుండా కూర్చోవట్లేదని తల్లికి ఒకటే టెన్షన్. నెలలు తక్కువ పుట్టిన పిల్లలకు ముందుగా పుట్టిన ఆ కాలాన్ని తీసేసి లెక్కేయాలి, రెండేళ్లు వచ్చేవరకు అదే పద్ధతి. అంటే వాడు సుమారు తొమ్మిది నెలలవాడి కిందే లెక్క. కంగారుపడాల్సిన పని లేదు, అలాగని వదిలేయనూ కూడదు. ఎప్పుడు బోర్లా పడ్డాడని నేను ఫారం చూసి అడిగితే తల్లికి గుర్తు రాలేదు. మేడమ్ నాయనమ్మ వైపు తిరిగి, "బొబ్బట్లు ఎప్పుడు చేశారండీ?" అని అడిగారు. "శివరాత్రి వెళ్లిన మూడో రోజు. పూర్ణం పల్చనైపోయింది" అని ఠక్కున జవాబు. బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు. మన ఇళ్లలో ఈ లెక్కలన్నీ పెద్దావిడ దగ్గరే ఉంటాయి. ఏ యూనివర్సిటీ ఫారంలోనూ ఆవిడకి గడి లేదు.

తర్వాత మేడమ్ వ్యాయామాల చిట్టా ఏమీ ఇవ్వలేదు. నాయనమ్మ బాబుని కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోస్తుంటే పక్కన పీట వేసుకుని చూశారు. ఒళ్లు తుడిచేటప్పుడు పడుకోబెట్టకుండా, వీపు తన పొట్టకి ఆనేలా కాళ్ల మధ్య కూర్చోబెట్టుకోమన్నారు. రోజూ ఎలాగూ నీళ్లు పోస్తారు కదా. తల్లిని పక్కన కూర్చోబెట్టి వాడికి గిలక చూపించమన్నారు. అప్పటిదాకా గుమ్మంలోనే నిలబడ్డ ఆ అమ్మాయి అప్పుడొచ్చి కూర్చుంది. అత్తాకోడళ్ల మధ్య ఏదో ఉందని నాకు అర్థమైంది. మేడమ్ మాత్రం ఆ ఊసే ఎత్తలేదు.

మిగతా గైడ్లలో ఒక్కరూ ఫీల్డుకి రాలేదు. వాళ్ల దగ్గరున్న విద్యార్థులు ఫారాలు హాస్టల్లో కూర్చుని నింపిన సందర్భాలూ ఉన్నాయి.

ఉద్యోగాల సంగతి. అడ్మిషన్ అప్పుడు "జిల్లా ఆసుపత్రుల్లో బోలెడు పోస్టులు" అన్నారు. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం కేంద్రం పెట్టిన పథకం) కింద జిల్లాల్లో ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లు, అంటే ఎదుగుదల లోపాలను చిన్నప్పుడే గుర్తించి సాయం చేసే కేంద్రాలు ఉన్న మాట నిజమే. అక్కడ థెరపీ చేసే ఉద్యోగానికి అప్లై చేద్దామనుకున్నప్పుడు ముందు అడిగింది ఆర్‌సీఐ నంబరు, అంటే 1992 చట్టం ప్రకారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇచ్చే రిజిస్ట్రేషన్. మా ఎమ్మెస్సీకి అది రాదు. ఈ మాట రెండేళ్లలో ఒక్కరూ చెప్పలేదు. ఆ నంబరు కావాలంటే ఆర్‌సీఐ గుర్తింపు ఉన్న ఎర్లీ ఇంటర్వెన్షన్ పీజీ డిప్లొమా వేరేగా ఉంది, ఏడాది చదువు. ఫిజియోథెరపీ లాంటివి చదివినవాళ్లు నేరుగా దానికే వెళ్లడం మేలు.

అంగన్‌వాడీ సూపర్‌వైజర్లు, ప్లేస్కూల్ నడిపేవాళ్లు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్లు ఈ ఎమ్మెస్సీకి నిశ్చింతగా రావచ్చు, నేర్చుకున్నది మర్నాడే పనికొస్తుంది. డిగ్రీ అవగానే ఉద్యోగం కోసం వచ్చేవాళ్లకు నేను చెప్పను. ఎవరు చేరినా ఫీజు కట్టేముందు సీనియర్లకు ఫోన్ చేసి, ఏ గైడు ఫీల్డుకి వస్తారో కనుక్కోండి. ఒక్కరూ రారని తెలిస్తే వేరే కాలేజీ చూసుకోండి.