అనుమతి ఉన్న పత్రిక, అనుమతి లేని పత్రిక

నరసాపురంలో మా సంఘ పత్రిక ప్రూఫులు దిద్దుతుంటే, నాయకుణ్ణి పొగుడుతూ ఒక పేజీ వేద్దామన్నారు మావయ్య. "వేస్తే మనకే మంచిది కదే" అన్నారు. అప్పుడు ఆయనకు రెండు పత్రికల సంగతి చెప్పాను.

1943 సెప్టెంబరు 4న సోవియట్ నేత స్టాలిన్ రష్యా ఆర్థడాక్స్ క్రైస్తవ మతపెద్దలను తన సర్కారు కోట క్రెమ్లిన్‌కు పిలిపించాడు. ఆ నెలలోనే వాళ్ల చర్చి పత్రిక, మాస్కో పాత్రియార్క్ (చర్చి అధిపతి) పేరిట వచ్చేది, మళ్లీ మొదలైంది, సర్కారు అనుమతితో. 1953లో స్టాలిన్ పోతే పాత్రియార్క్ అలెక్సీ చేసిన పొగడ్తల సంతాప ప్రసంగం అందులో అచ్చయింది. 1937, 38ల్లో అదే సర్కారు కాల్చి చంపిన చర్చి గురువుల ఊసు లేదు. చర్చి తలుపులు తెరిచి ఉండాలంటే అదే దారి అనుకున్నారేమో, వాళ్ల భయం నాకు అర్థమవుతుంది.

రెండోది, అప్పట్లో సోవియట్ పాలనలో ఉన్న లిథువేనియాలో కాథలిక్కులు నడిపిన క్రానికల్ అనే పత్రిక. 1972 నుంచి 1989 దాకా 81 సంచికలు, అన్నీ రహస్యంగానే. పొగడ్త లేదు. ఎవరింట్లో సోదా చేశారు, ఏ గురువును విచారణకు పిలిచారు, ఏ బడిపిల్లను చర్చికి వెళ్లినందుకు వేధించారు, అదే రాశారు. టైపు మిషనూ కార్బన్ కాగితాలే వాళ్ల అచ్చుయంత్రం. నేనూ పాలకొల్లులో టైపు నేర్చుకున్నదాన్నే. ఐదో కాపీకొచ్చేసరికి అక్షరం బూడిదలా అయిపోతుంది, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియదు. అలాంటి కాగితాల కోసమే సన్యాసిని నియోలె సదూనైతే 1974లో 11వ సంచిక టైపు చేస్తూ పట్టుబడింది. మూడేళ్లు ఖైదీల శిబిరం, మూడేళ్లు ఊరికి దూరంగా బహిష్కరణ.

నా మనసు రెండోదాని వైపే.

"మావయ్యా, ఆ పేజీలో వరదకు ఇళ్లు పోయిన లంకల వాళ్ల పేర్లు వేద్దామండి" అన్నాను.