కొత్త కర్రీ పాయింట్‌కి ప్రచారం: పాంప్లెట్లా, గూగుల్ మ్యాప్సా, వాట్సాపా, బూస్టా?

హైదరాబాద్ కేపీహెచ్‌బీ లాంటి చోట కొత్తగా కర్రీ పాయింట్ పెట్టారనుకోండి. షాపు అడ్వాన్సు, గిన్నెలు, గ్యాసు, బోర్డు అన్నీ అయ్యాక ప్రచారానికి మిగిలేది మహా అయితే పది వేలు. ఒకరు పేపర్లో పాంప్లెట్లు పెట్టించమంటారు, ఇంకొకరు ఇన్‌స్టాలో బూస్ట్ చేయమంటారు (డబ్బు కట్టి మన పోస్ట్‌ని ఎక్కువమందికి చూపించడం), మేనల్లుడేమో ఫుడ్ వ్లాగర్‌ని పిలుద్దామంటాడు. ముందు కూర కొనేదెవరో చూడాలి. రైస్ కుక్కర్లో అన్నం పడేసి కూర కోసం కిందికి దిగే బ్యాచిలర్లు, ఇద్దరూ ఉద్యోగాలకెళ్ళే భార్యాభర్తలు. వీళ్ళు కిలోమీటరు దాటి రారు. రుచి నచ్చితే మాత్రం వారానికి నాలుగైదు సార్లు వస్తారు. ఏది మేలో ఈ రెండు సంగతులే తేలుస్తాయి.

పేపర్లో పాంప్లెట్ మీద మనవాళ్ళకి నమ్మకం ఎక్కువ. చిక్కేమిటంటే, బ్యాచిలర్ల రూముకి పేపరే రాదు. పేపర్ వేయించుకునే ఇళ్ళలో చాలావాటిలో వంట రోజూ అవుతూనే ఉంటుంది. పైగా ఆదివారం పేపర్ విప్పగానే షోరూముల రంగు కాగితాలు నాలుగైదు జారి నేలమీద పడతాయి. పెద్దాయన పేపర్ పట్టుకుని బాల్కనీలోకి పోతాడు, కాగితాలు పనమ్మాయి చీపురు కిందికి పోతాయి. పాంప్లెట్ వేయించాలనే ఉంటే, సాయంత్రం ఆఫీసుల నుంచి తిరిగొచ్చే వేళ హాస్టళ్ళ ముందు, బస్టాపులో చేతికివ్వండి. గోడలకీ కరెంటు స్తంభాలకీ మాత్రం అంటించకండి, మునిసిపల్ కార్పొరేషన్ వాళ్ళు ఫైన్ వేస్తే ఆ రోజు గల్లా పెట్టె ఖాళీ.

లెక్క కోసం అచ్చుకీ పంచడానికీ కలిపి కాగితానికి రెండు రూపాయలు అనుకుందాం. వెయ్యి కాగితాలకి 2,000. వాటిలో ఇరవై మంది వచ్చారనుకుంటే మనిషికి వంద ఖర్చయినట్టు. కూర ప్యాకెట్ మీద మిగిలేది 15 రూపాయలైతే, అతను ఏడోసారి వచ్చేదాకా మీకు లాభం మొదలుకాదు. కాబట్టి కాగితం కింద ‘ఇది తెస్తే రసం ఫ్రీ’ అని వేయించండి. రసానికి అయ్యే ఖర్చు తక్కువే, ఎన్ని కాగితాలు తిరిగొచ్చాయో మాత్రం రాత్రికి లెక్క తేలిపోతుంది. అది లేకుండా వెయ్యి పంచితే ఎంతమంది వచ్చారో దేవుడికే తెలియాలి.

గూగుల్ మ్యాప్స్‌కి రూపాయి ఖర్చు లేదు. హాస్టల్లో కొత్తగా దిగిన కుర్రాడు మొదట ఫోన్లోనే వెతుకుతాడు. బిజినెస్ ప్రొఫైల్ పెట్టి, గూగుల్ అడిగితే షాపు వీడియో తీసి వెరిఫై చేయించుకుని, టైమింగ్స్ సరిగ్గా రాస్తే చాలు. మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా మూసేస్తే ఆ మాటా రాయాలి. తెరిచి ఉందనుకుని వచ్చి, తాళం చూసి వెనక్కి పోయినవాడు మళ్ళీ రాడు. పేరు దగ్గర బోర్డు మీద ఉన్న పేరే ఉండాలి. ‘కూకట్‌పల్లిలో బెస్ట్’ లాంటివి తగిలించడం గూగుల్ రూల్స్‌కి విరుద్ధం. రివ్యూ రాస్తే స్వీట్ ఫ్రీ అనడం కూడా అంతే. అన్నట్టు, డబ్బిస్తే మీ లిస్టింగ్ వెరిఫై చేస్తామని ఫోన్లొస్తాయి. పెట్టేయండి. గూగుల్ దానికి డబ్బు తీసుకోదు.

మ్యాప్స్ మనిషిని ఒకసారి తెస్తే, వాట్సాప్ మళ్ళీ మళ్ళీ తెస్తుంది. నా ఓటు దీనికే. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం. పొద్దున పదిన్నరకి ఒక్క మెసేజ్: ‘ఈరోజు గుత్తివంకాయ, దొండకాయ వేపుడు, గోంగూర పప్పు, సాంబారు. పన్నెండుకి రెడీ’. ఆఫీసులో కూర్చుని మధ్యాహ్నం ఏం తినాలా అని ఆలోచించేవాడికి ఇంతకన్నా పెద్ద ప్రకటన ఏం కావాలి? ఒక మెలిక ఉంది. ఇలా ఒకేసారి అందరికీ పంపే బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. అందుకే కౌంటర్ మీద క్యూఆర్ కోడ్ అతికించి, ‘సార్, సేవ్ చేసుకోండి, మెనూ రోజూ వస్తుంది’ అని డబ్బు తీసుకునేటప్పుడే అడగాలి. మొహమాటపడితే పని జరగదు. అలాగని రోజుకి మూడు మెసేజ్‌లు పంపితే బ్లాక్ చేస్తారు.

ఇన్‌స్టా, ఫేస్‌బుక్ బూస్ట్ చెడ్డదేం కాదు. రోజుకి 200 చొప్పున ఐదు రోజులు పెడితే 18 శాతం జీఎస్టీతో కలిపి 1,180 అవుతుంది. కానీ ఏరియా మార్చకుండా బటన్ నొక్కేస్తే ప్రకటన హైదరాబాదంతా తిరిగిరావచ్చు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నాయన లైక్ కొడతాడు, దొండకాయ వేపుడు కోసం కేపీహెచ్‌బీ దాకా రాడు. షాపు చుట్టూ రెండు మూడు కిలోమీటర్లకి కుదించి, నొక్కితే వాట్సాప్ తెరుచుకునేలా పెడితే కొంత ఫలితం ఉంటుంది. వ్లాగర్ సంగతికొస్తే, రీల్ పేలిందనుకోండి, రెండు రోజులు జనం ఎగబడతారు. ఒంటిగంటకే గిన్నెలు ఖాళీ అవుతాయి, రోజూ వచ్చేవాడు ఉత్త చేతులతో పోయి పక్క షాపు మరుగుతాడు. వంటకి ఇద్దరే ఉన్న చోట ఇది అదృష్టం కాదు, టెన్షన్.

పది వేలు నా చేతిలో ఉంటే 2,000 పాంప్లెట్లకి, 1,180 ఒక్క బూస్ట్‌కి, అదీ మ్యాప్స్, వాట్సాప్ సర్దుకున్నాక. మరో మూడు వేలు మొదటి నెల రుచి చూపించడానికి: రెండు కూరలు కొన్నవాళ్ళకి చిన్న కప్పు పచ్చడి. మిగతాది కదపను. కూర మిగిలిపోయే రోజులు మొదట్లో తప్పవు, ఆ నష్టానికి అది పనికొస్తుంది.

ఇంట్లో పచ్చళ్ళు పెట్టి కొరియర్లో పంపేవాళ్ళకి ఈ వరుస తిరగబడుతుంది. కొనేవాళ్ళు బెంగళూరులోనో డాలస్‌లోనో ఉంటారు కాబట్టి పాంప్లెట్ దండగ. అక్కడ ఆవకాయ కలుపుతున్న వీడియోకే డబ్బు పెట్టాలి, అదీ మే నెలలో కొత్త కాయ వచ్చినప్పుడు.