లౌటర్‌బ్రున్నెన్‌లో ఏ జలపాతం ఏ పూట?

స్విట్జర్లాండ్ వెళ్లే మనవాళ్లు చాలామంది ఆల్ప్స్ లోయలోని లౌటర్‌బ్రున్నెన్ ఊరికి పూట మించి సమయం కేటాయించరు. ఇంటర్లాకెన్ నుంచి వచ్చి, స్టౌబ్‌బాఖ్ ముందు ఫొటో దిగి, యుంగ్‌ఫ్రావ్ రైలెక్కేస్తారు. మధ్యాహ్నం దిగినవాళ్లకు ఆ జలపాతం నీడలో ఒక బూడిదరంగు చారలా కనిపిస్తుంది. 'ఇంతేనా' అనుకోవడంలో వింతేమీ లేదు.

స్టౌబ్‌బాఖ్ లోయకు పడమటి గోడ మీది నుంచి 297 మీటర్లు పడుతుంది. మన కుంటాల ఎత్తు 45 మీటర్లే. ముఖం తూర్పుకి కాబట్టి పొద్దున్నే ఎండ తగులుతుంది. సూర్యుణ్ణి వీపు వెనక ఉంచుకుని నిలబడితే తుంపరలో ఇంద్రధనుస్సు కనిపించే వేళ కూడా అదే. జర్మన్‌లో 'స్టౌబ్' అంటే దుమ్ము. నీళ్లు నేలకు చేరేలోపే గాలికి దుమ్ములా చెదిరిపోతాయి. మంచు కరిగే మే, జూన్ నెలల్లో నిండుగా ఉంటుంది, ఆగస్టు చివరలో వానలు పడకపోతే చిక్కిపోతుంది. వేసవిలో మెట్లెక్కి జలపాతం వెనక రాతి గ్యాలరీలోకి వెళ్లొచ్చు, టికెట్ లేదు. కానీ అక్కడికెళ్తే తడవడమే ఎక్కువ, చూసేది తక్కువ. చూడాల్సింది దూరం నుంచి, ఊరి చర్చి దగ్గర నిలబడి.

ట్రుమ్మెల్‌బాఖ్ సంగతి పూర్తిగా వేరు. ఇది తూర్పు గోడ లోపల, కొండను తొలుచుకుంటూ పడే పది జలపాతాల వరుస. ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రావ్ శిఖరాల మీద ఈ వైపున్న హిమానీనదాల నీరు ఇటే దిగుతుంది, ఉద్ధృతిగా ఉన్నప్పుడు సెకనుకు 20,000 లీటర్ల దాకా. మంచుగడ్డ కరగాలంటే ఎండ కాయాలి కదా, అందుకే వేడిగా ఉన్న రోజు మధ్యాహ్నం దాటాక హోరు పెరుగుతుంది. లోపల ఎలాగూ ఎండతో పనిలేదు, కనుక దీన్ని రెండో పూటకే పెట్టుకోండి. స్టేషన్ ఎదురుగా 141 నంబరు బస్సెక్కాలి. సొరంగంలోని లిఫ్టు ఆరో జలపాతం దగ్గర దింపుతుంది. ముందు పైకి పదో దాని వరకు వెళ్లి, తర్వాత నడుస్తూ కిందికి రండి. తిరుగు ప్రయాణానికి మళ్లీ లిఫ్టెక్కితే కింది ఐదూ పోయినట్టే. మెట్లు ఎప్పుడూ తడిగా ఉంటాయి. చెప్పులతో జారతారు, గొడుగు అడ్డం తప్ప ఉపయోగం లేదు, రెయిన్‌కోటు ఉండాలి. నాలుగేళ్లలోపు పిల్లల్ని లోపలికి రానివ్వరు. రైళ్లకూ బస్సులకూ కలిపి పనికొచ్చే స్విస్ ట్రావెల్ పాస్ ఇక్కడ చెల్లదు. శీతాకాలంలో మూసేస్తారు.

అదే బస్సులో ఇంకాస్త ముందుకెళ్తే స్టెఖెల్‌బర్గ్ కేబుల్ కార్ స్టేషన్. దాని పక్కనే మ్యూరెన్‌బాఖ్ అంచెలంచెలుగా 417 మీటర్లు దిగుతుంది. స్టౌబ్‌బాఖ్ కన్నా పొడవే అయినా ఆగి చూసేవాళ్లు తక్కువ.

ఎత్తైన చోట్లకు మాత్రం ఉదయమే వెళ్లాలి, పగలు గడిచేకొద్దీ శిఖరాలకు మబ్బు పడుతుంది. స్టౌబ్‌బాఖ్‌కీ ఉదయమే కావాలి కాబట్టి ఒక్క రోజులో రెండూ కుదరవు, రెండు రాత్రులు ఉండాల్సిందే. 2,970 మీటర్ల షిల్ట్‌హార్న్ శిఖరానికి టికెట్ కొనేముందు లైవ్ కెమెరా చూడండి. పైన తెల్లటి తెర కనిపిస్తే డబ్బు దండగ. దారిలో పడమటి గోడ మీదున్న మ్యూరెన్ ఊరి దాకా స్విస్ ట్రావెల్ పాస్ సరిపోతుంది, ఆపైన సగం ధర. తక్కువ ఖర్చుతో ఎక్కువ చూడాలంటే మా ఓటు మెన్లిఖెన్ కొండకే: తూర్పు గోడ మీది వెంగెన్ ఊరి నుంచి కేబుల్ కార్‌లో ఎక్కి, క్లైన షైడెగ్ రైల్వే స్టేషన్ దాకా నాలుగున్నర కిలోమీటర్లు నడక. దారి చాలావరకు పల్లమే, గంటన్నర చాలు, ఐగర్ ఎదురుగానే ఉంటుంది. అమ్మానాన్నలతో వెళ్లినా ఇబ్బంది లేదు. జూన్ మొదట్లో దారి మీద మంచు మిగిలి ఉండొచ్చు, అడిగి బయల్దేరండి.

బస ఎక్కడ? రోజూ నాలుగు దిక్కులకూ తిరిగేవాళ్లకు లౌటర్‌బ్రున్నెన్ అనుకూలం, కానీ రెండు గోడల మధ్య లోయ కావడంతో ఎండ త్వరగా పోతుంది. వెంగెన్ పడమటి వైపు చూస్తుంది, సాయంత్రపు వెలుగు అక్కడ ఉంటుంది. మ్యూరెన్‌కి ఉదయపు ఎండ, ఎదురుగా మూడు శిఖరాలు. ఈ రెండు ఊళ్లలోకీ కార్లు రావు. కారును కింద స్టేషన్ పార్కింగ్‌లో వదిలి సామానుతో పైకెక్కాలి. మ్యూరెన్‌కి గ్రుట్ష్‌ఆల్ప్ మీదుగా వెళ్తే మధ్యలో ఒకసారి మారాలి కూడా, కాబట్టి పెద్ద సూట్‌కేసులుంటే లోయలోనే దిగడం మేలు. గది అద్దెలో పర్యాటక పన్ను కలిసిందో లేదో బుక్ చేసేటప్పుడే చూసుకోండి, తలకు, రాత్రికి ఇంతని విడిగా అడిగే చోట్లున్నాయి.

భోజనానికి వంటగది ఉన్న షాలే (కొయ్య ఇల్లు) దొరికితే బియ్యం, పులిహోర పొడితో చాలా ఫ్రాంకులు మిగులుతాయి. దుకాణాలు సాయంత్రమే కట్టేస్తారు కాబట్టి పాలూ పెరుగూ ముందే తెచ్చుకోవాలి. కుళాయి నీళ్లు తాగొచ్చు, 'కైన్ ట్రింక్‌వాసర్' (తాగే నీరు కాదు) అని రాసిన చోట తప్ప.

లౌటర్‌బ్రున్నెన్‌కి ఇంటర్లాకెన్ ఓస్ట్ స్టేషన్‌లో అరగంటకో రైలు, ఇరవై నిమిషాల ప్రయాణం. ఆ రైలు దారిలో రెండుగా విడిపోతుంది, ఒక సగం గ్రిండెల్‌వాల్డ్‌కి పోతుంది. ఎక్కేముందు పెట్టె మీది బోర్డు చదవండి.